సంఘం బాధ్యత తీసుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

మన ఊరి మత్స్యకార సహకార సంఘానికి నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారని, మొదటి ఏడాదిలోనే వర్తకుల దగ్గర దాదన్, అంటే చేపల మీద ముందుగా తీసుకునే అప్పు, తీసుకోవడం మాన్పించి చేపలన్నీ సంఘం ద్వారానే అమ్మించాలని నీవు నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. జీవితమంతా తెప్ప మీద గడిపిన మా అన్నయ్య కూతురు ఆ కుర్చీలో కూర్చోబోతున్నదన్న సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందులో భయం పాలు కూడా తక్కువేమీ కాదు. "మనవాళ్ళ బుర్రలు ముందు మారాలి" అని నీవు అన్నావట. ఆ మాట సభలో మాత్రం అనకు తల్లీ.

పాత తీర్మానాలు చదువుకోవడం, లెక్కలు సరిచూసుకోవడం, బ్యాంకులో సంతకాలు మార్పించడం నీకు నేను చెప్పనక్కరలేదు. మన ఊరు ఒడిశాలో ఉన్నందున కార్యాలయాల కాగితాలు ఒడియాలో వస్తాయి గనుక, సంతకం పెట్టే ముందు ప్రతి కాగితాన్నీ సభలో తెలుగులో చెప్పి వినిపించు.

దాదన్ వల్ల నష్టమని నీకెంత తెలుసో తీసుకునేవాళ్ళకూ అంతే తెలుసు. ముందు డబ్బు ఇచ్చిన వర్తకుడికే, అతడు చెప్పిన ధరకే చేప ఇవ్వవలసి రావడం వాళ్ళకు రోజూ ఉన్న బాధే. అయినా ఎందుకు వదలడం లేదో ఎవరినైనా అడిగావా? తాబేళ్ళ రక్షణ కోసం ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ ఏడు నెలల్లో ఇంట్లో బియ్యానికి, ఇంజను మరమ్మతుకు, అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే బరంపురం ఆసుపత్రికి ఆటో కట్టించుకోవడానికి, ఏ హామీ అడగకుండా డబ్బు ఇచ్చేవాడు ఆ వర్తకుడే. ఒక పాత అలవాటు ఎన్ని అవసరాలు తీరుస్తున్నదో లెక్కవేయకుండా దాన్ని తీసివేస్తే, ఆ బరువంతా ఆ ఇంటి ఆడదాని నెత్తిన పడుతుంది. నీవు తెచ్చే పద్ధతిలో మంచి ధర ఒక్కటే ఉంటే చాలదు, అది అర్ధరాత్రి కూడా పనికి రావాలి.

నీవు పుట్టకముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను, కొంచెం ఓపికగా చదువు. ఇసుకలో ఆరబెట్టిన నెత్తళ్ళకు ఇసుక అంటుకుని ధర తగ్గుతున్నదని, ఒక కార్యాలయం నిధులిస్తే అప్పటి సంఘం పెద్దలు సిమెంటు కళ్ళం కట్టించారు. ఆలోచన మంచిదే. అయితే ఖాళీ స్థలం ఊరి చివర సరుగుడు తోట పక్కన దొరికిందని అక్కడ కట్టించారు. నెల తిరగకముందే కళ్ళం మీద పిల్లలు క్రికెట్ ఆడుకోసాగారు; ఆడవాళ్ళు మునుపటిలాగే గుమ్మాల ముందు ఇసుకలోనే చేపలు పరిచారు. అధ్యక్షుడికి కోపం వచ్చింది. వీళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదని నిండు సభలో అని, ఇసుకలో ఆరబెట్టినవాళ్ళకు జరిమానా వేయించాడు. జరిమానాకు జడిసి కొందరు ఇళ్ళ వెనక నీడలో దాచి ఆరబెడితే ఆ చేపలు పురుగు పట్టి పోయాయి. ఊరు రెండుగా చీలింది. మీ నాయనమ్మకూ ఆ అధ్యక్షుడి తల్లికీ ఏళ్ళ తరబడి మాటలు లేవు.

కారణమేమిటని మీ నాయనమ్మను నేను అడిగితే, కళ్ళం దగ్గర కాపలా కూర్చుంటే పొయ్యి మీద అన్నాన్నీ ఉయ్యాలలో బిడ్డనూ ఎవరు చూస్తారని, వదిలి వస్తే కాకులనూ కుక్కలనూ ఎవరు తోలుతారని అన్నది. సంఘంలో ఎవరూ ఆమెను అంతవరకు ఆ మాట అడగలేదు. చివరకు నలుగురైదుగురు ఆడవాళ్ళే గుమ్మాల ముందు వెదురు గుంజలు పాతి, సన్నకన్నుల పాత వలను నడుమెత్తున బిగించి, దాని మీద నెత్తళ్ళు ఆరబోశారు. కింది నుంచి కూడా గాలి తగిలి చేప త్వరగా ఎండింది, ఇసుక అంటలేదు, బిడ్డ కళ్ళెదుటే ఉన్నది. పెద్దలకు ఇసుక, సిమెంటు అన్న రెండు దారులే కనిపించాయి, ఎందుకంటే ఆడవాళ్ళు మొండివాళ్ళని వాళ్ళు ముందే తీర్పు చెప్పుకున్నారు. మీ అమ్మ ఫోనులో చెప్పిన నీ మాటలో ఆ తీర్పే నాకు వినిపించింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తుఫానుల విషయంలోనూ ఇదే చూశాను. 1999 అక్టోబరు 29 నాటి మహాతుఫానులో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినప్పుడు దాదాపు 10 లక్షల మందిని ముందుగానే తరలించారు, ప్రాణనష్టం ఎంతో తగ్గింది. ఆ పద్నాలుగేళ్ళలో జనం స్వభావం మారిందని నేను అనుకోను. ఊళ్ళకు దగ్గరగా ఆశ్రయ భవనాలు కట్టి, మామూలు రోజుల్లో వాటిని బడులుగా వాడుకోనిచ్చారు. తమ పిల్లలు రోజూ వెళ్ళే చోటికి వెళ్ళడానికి జనం అంతగా వెనుకాడలేదు. ఇల్లు కదలనన్న మీ నాన్న కూడా, వలలూ ఇంజనూ భద్రపరచుకునే చోటు చూపించిన తరువాతనే కదిలాడు.

కాబట్టి మొదటి సభలో నీ పథకం చెప్పకు. దాదన్ వదలనని గట్టిగా అనేవాళ్ళనే ముందు మాట్లాడనివ్వు, వాళ్ళ కారణాలను వాళ్ళ మాటల్లోనే పుస్తకంలో వ్రాయించు. అందరూ వెంటనే సరేనంటే ఆనాటికి తీర్మానం ఆపు. సభలో తల ఊపి ఇంటికి వెళ్ళి పెదవి విరిచేవాళ్ళంటే నాకు భయం. తరువాత ఇష్టపడి వచ్చిన నాలుగు పడవలతోనే ఒక వేట కాలం చేసి చూడు. నష్టం వస్తే ఎవరు భరించాలో, పాత పద్ధతికి ఎలా తిరిగి వెళ్ళవచ్చునో ముందే వ్రాసి పెట్టు. మన గంజాం తీరపు మహిళల సమాఖ్య ‘సముద్రం’ 2010లో ఈక్వేటర్ బహుమతి అందుకున్నది. ఆ స్త్రీలతో ఒక పూట కూర్చుని, అత్యవసరంలో ఒకరినొకరు ఎలా ఆదుకుంటున్నారో అడిగి తెలుసుకో.

నీకు కోపం త్వరగా వస్తుంది. రెండో తరగతిలో లెక్క తప్పు వేశావని నేను అంటే పలక పగలగొట్టావు. మరునాడు అందరికంటే ముందు బడికి వచ్చి అదే లెక్క సరిగా వేసి చూపించావు. ఆ రెండూ నేను మరచిపోలేదు.

అర్ధరాత్రి అవసరానికి సంఘమే ఆదుకునేలా ఒక అత్యవసర నిధి ఏర్పడేదాకా వర్తకులకు వ్యతిరేకంగా నీవు ఒక్క మాట కూడా మాట్లాడవద్దు. ఆ నిధికి మొదటి వాటా నా పింఛను నుంచి పంపుతున్నాను. అందరికీ ఇచ్చినట్టే నాకూ రసీదు వ్రాసి పంపు.

మీ అత్త