రిపోర్టర్‌గా చేరబోతున్న మా బిడ్డకు

బిడ్డా,

హైదరాబాద్‌లో ఇంగ్లీషు పేపర్‌లో రిపోర్టర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. వాడకట్టులో ఒక్కరినీ వదలకుండా చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. కొత్తవాళ్లను ముందు పంపేది ప్రమాదాల దగ్గరికే కదా, ఎక్కడ గోడ కూలినా నువ్వే ఉరకాలి.

పేర్లు, వయసులు రెండుసార్లు అడిగి రాసుకో. మిగతావి ఆఫీసులో నేర్పుతారు. వాళ్లు నేర్పనిది నేను చెప్తాను, ఇన్నేళ్లు నల్లగొండలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పెద్దమ్మను కదా.

మనకు కోట పాడుబడినా శిథిలాలే, నిన్న కూలిన ఇల్లూ శిథిలాలే. ఇంగ్లీషులో అట్లా నడవదు. డెబ్రీ అన్నిటికంటే పెద్ద సంచి, పగిలి విరిగి చెల్లాచెదురైంది ఏదైనా అందులో పడుతుంది, వరదకు కొట్టుకొచ్చిన కొమ్మలైనా, ఆకాశంలో తిరిగే రాకెట్ ముక్కలైనా. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, చివరి ఎస్ పలకదు. నలుగురిలో డెబ్రిస్ అన్నావంటే నా పరువు పోతుంది. కూలిన కట్టడం రాళ్లు, ఇటుకల కుప్ప అయితే రబుల్. బస్సో విమానమో నుజ్జయితే రెకేజ్. దేవరకొండ కోట, ఫణిగిరి లాంటి పాడుబడ్డ పాత కట్టడాలు రూయిన్స్. డెబ్రీ, రబుల్, రెకేజ్ ఏకవచనంలోనే నడుస్తాయి, కాబట్టి డెబ్రీ వాజ్ అను, వర్ అనకు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ, సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు గుర్తుందా, మన నల్లగొండకు కృష్ణ నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగమే. లోపల బురద, నీళ్లు, రాళ్లు, తవ్వే మిషన్ ముక్కలు అన్నీ కలిసిపోయాయి. అక్కడ డెబ్రీయే సరైన మాట. రబుల్ అంటే బురద బయటే ఉండిపోతుంది, రెకేజ్ అంటే మిషన్ ఒక్కటే కనబడుతుంది.

ఇవి తప్పినా డెస్కులో దిద్దుతారులే. నాకు భయమల్లా రిమెయిన్స్ అనే మాటతోనే. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ముసురు పట్టి మా వీధిలో ఒక ముసలామె మట్టి ఇల్లు కూలింది. ఆమె అప్పుడు బయట ఉంది కాబట్టి బతికింది. మట్టి తవ్వి గిన్నెలు, ట్రంకు పెట్టె, దేవుడి పటాలు తీశారు. ఒక విలేకరి ఆ మిగిలిన సామానుకు ఇంగ్లీషు వెతుక్కొని, ముసలామె రిమెయిన్స్ డెబ్రీలోంచి బయటికి తీశారని రాశాడు. మనిషి పేరు పక్కన ఆ మాట పడితే శవమనే అర్థం. హైదరాబాద్‌లో గుమస్తాగా ఉన్న ఆమె కొడుకు అది చదివి, దహనానికి అప్పు చేసి, ఇద్దరు బంధువులను వెంటేసుకొని ఏడ్చుకుంటూ బస్సు దిగాడు. ఆమె మా అరుగు మీద కూర్చొని పల్లికాయలు ఒలుస్తోంది. వీళ్లను చూసి గాబరాగా లేచి, "ఎవరు పోయిండ్రు కొడుకా?" అని అడిగింది. వాడు అక్కడే కూలబడ్డాడు. ఆ విలేకరిని నిలదీస్తే గ్రామర్‌లో తప్పేముంది అన్నాడు! నిజమే, గ్రామర్‌లో తప్పు లేదు. బిలాంగింగ్స్ అని రాస్తే ఆ కొడుకు అప్పు చేసేవాడు కాదు.

చదివేవాళ్లలో ఇంటివాళ్లు ఉంటారే బిడ్డా. శవం దొరికితే బాడీ అని రాయి, గుర్తుపట్టలేని స్థితిలో ఉంటేనే రిమెయిన్స్. అనుమానమొస్తే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. నిద్ర ఎట్లాగూ పట్టట్లేదు.

ఇంకోటి. సగం కూలిన ఇంట్లోకి ఫొటో కోసం అడుగు పెట్టకు. నానిన గోడ వాన తగ్గి ఎండ కాసినాకా పడుతుంది. తిట్టేది ఎడిటరే కదా, తిట్టనీ.

దసరాకు రా. సకినాలు పంపుతానంటే మీ అమ్మ వద్దంటోంది, నేను పంపుతున్నా.

మీ పెద్దమ్మ