బూజు పట్టిన చెక్క, చావని చేప

అడిగింది ఇదీ: రసాయనాల వల్ల క్యాన్సర్ వస్తుందో లేదో చిన్న చేపల మీద చూస్తే సరిపోతుందా, ఎలుకలుండగా చేపలెందుకు అని.

నేను సైంటిస్టును కాను. ఆకివీడు దగ్గర మాకు చేపల చెరువుంది. అయినా ఈ విషయం నన్నే అడగాలి.

ఒక శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. షెడ్డు రేకు కారి, మేతకి తెచ్చిన వేరుశనగ చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, బస్తాలు తడిశాయి. ఒక బస్తా మూతి విప్పి చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకి పచ్చటి పొడి, ముక్కిపోయిన వాసన. పారేద్దామన్నాను. నాన్నగారు గడ్డ నలిపి, "చేపలకేమవుద్దిరా, తింటాయి" అని తవుడులో కలిపేయమన్నారు. నావ మీద వెళ్లి కన్నాల సంచుల్లో నింపి కర్రలకి కట్టాను. సాయంత్రానికి సంచులు ఖాళీ. ఒక్క చేపా తేలలేదు. "చూశావా?" అన్నారు.

మా వైపు పరీక్షంటే అదే. కొత్త నీళ్లు పెడితే నాలుగు పిల్లల్ని వలలో కట్టి రాత్రంతా ఉంచుతాం. పొద్దున్నకి బతికుంటే మంచి నీళ్లే. మందుల కొట్టువాడూ అంతే, ఏ డబ్బా ఇచ్చినా "చేప చావదండీ, నాదీ గ్యారంటీ" అంటాడు.

చాలా ఏళ్లకి చదివాను. 1960లో అమెరికాలో ట్రౌట్ చేపల హేచరీల్లో చేపలకి కాలేయంలో గడ్డలు లేచాయి. చివరికి తేలిందేమిటంటే మేతలో కలిపిన పత్తిగింజల చెక్క, దానికి పట్టిన బూజు, ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం. అవీ తేలి చావలేదు. తింటూ తిరుగుతూనే క్యాన్సర్ తెచ్చుకున్నాయి. చదువుతుంటే మా షెడ్డు వాసనే ముక్కుకి తగిలింది.

1965లో జీబ్రా చేపల్ని డైఇథైల్ నైట్రోసమీన్ అనే రసాయనం కలిపిన నీళ్లలో ఉంచితే కాలేయంలో కణుతులు వచ్చాయి. తర్వాత జపాన్ వరి మళ్లలో తిరిగే మెడాకా అనే చేపతోనూ చేశారు. రెండూ వేలెడంత ఉండవు. చిన్న తొట్టెల్లోనే వందల్లో పెంచొచ్చు, మందు నీళ్లలోనే కలిపేయొచ్చు. ఎలుకలకైతే రెండేళ్లు మేపాలి, వీటితో నెలల్లో తేలిపోతుంది. కాకపోతే ఒక మెలిక. అదే అఫ్లాటాక్సిన్‌కి రెయిన్‌బో ట్రౌట్ ఇట్టే పడిపోతుంది, దాని దాయాది కోహో సాల్మన్ చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి ఒక్క చేపని నమ్మితే చాలదు. మా డ్రెయిన్ల నీళ్లు మాత్రం రేపే ఆ తొట్టెల్లో పోసి చూడాలంటాను.

ఆ ఏడు పట్టుబడిలో రెండు బొచ్చె చేపలు ఇంటికీ తెచ్చుకున్నాం. అమ్మ గట్టు మీద కూర్చుని కోసి, కార్జం ఎలా ఉందో చూడకుండానే పిల్లికి పడేసింది.