కాల్షియం డైక్లోరైడ్ అని ఎందుకు రాయకూడదు?

ప్రశ్న: సార్ నమస్తే. నేను అల్లూరు మండలంలో పదో తరగతి చదువుతున్నా, మా నాన్న ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో పనికి పోతాడు. మొన్న స్లిప్ టెస్ట్‌లో కాల్షియం డైక్లోరైడ్ అని రాస్తే కొట్టేసి, కాల్షియం క్లోరైడ్ అని రాయాలన్నారు. క్లోరిన్లు రెండున్నాయి కదా సార్? కార్బన్ డైఆక్సైడ్‌కి మాత్రం డై రాయకపోతే తప్పంట. ఇదంతా బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు: బట్టీ అక్కర్లేదు తల్లీ. నీ లెక్క కరెక్టే, క్లోరిన్లు రెండే. కాకపోతే పేరు పెట్టేముందు ఆ బంధం ఎట్టాంటిదో చూసుకోవాల, ఎలక్ట్రాన్లు ఒకరిచ్చి ఇంకొకరు తీసుకున్నారా లేక ఇద్దరూ కలిసి పంచుకున్నారా అని.

కాల్షియంకి బయటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లుంటాయి, ఆ రెండూ ఇచ్చేస్తుంది. క్లోరిన్‌కి ఏడుంటాయి, ఒక్కటి దొరికితే ఎనిమిది నిండుతాయి, అంతకుమించి తీసుకోదు, కాబట్టి ఒక కాల్షియంకి రెండు క్లోరిన్లు రావాల్సిందే, ఒకటి చాలదు మూడోదానికి చోటు లేదు. కాడికి ఎద్దులెన్నని ఎవరన్నా అడుగుతారా, కాడి అంటేనే రెండు. అందుకే ఇట్టా ఎలక్ట్రాన్లు ఒకరిచ్చి ఇంకొకరు తీసుకున్న అయానిక పదార్థానికి పేరులో అంకె చెప్పరు, ఆ ఇచ్చిపుచ్చుకోవడంతో వచ్చే ప్లస్, మైనస్ ఆవేశాలే చెప్పేస్తాయి.

కార్బన్, ఆక్సిజన్ సంగతి వేరు. రెండూ అలోహాలే, పంచుకుంటాయి, సమయోజనీయ బంధం. ఇక్కడ ఒకే లెక్క ఉండదు. ఒక ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ మోనాక్సైడ్, చలికాలం తలుపులన్నీ వేసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే మనుషుల్ని నిద్రలోనే చంపేది అదే. రెండింటితో కలిస్తే కార్బన్ డైఆక్సైడ్, మనం వదిలే ఊపిరిలోదీ, గోళీసోడాలో బుసబుసమనేదీ. ఊరికే కార్బన్ ఆక్సైడ్ అంటే ఈ రెండింట్లో ఏదనుకోవాల? అందుకని ఇక్కడ మోనో, డై, ట్రై చెప్పి తీరాల.

ఇంకోటి, మీ ఇంట్లో రాళ్లుప్పు ఉంటది కదా, ఒక రాయి తీసి ఎండలో అటూ ఇటూ తిప్పి చూడు, అంచులు అరిగిపోయినా చదరం చదరంగా కనపడతది. లోపల ఒక్కో సోడియం చుట్టూ పైనా కిందా నాలుగు పక్కలా ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, అట్టా పేర్చుకుంటా పోయిన కట్టడమే ఆ చదరం. ఒక సోడియం ఒక క్లోరిన్ జంటగా విడిగా ఎక్కడా ఉండవు, మనం నోట్‌బుక్‌లో రాసే ఫార్ములా వాటి నిష్పత్తి మాత్రమే. అన్ని పక్కలా అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టే ఉప్పు వేడికి కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాల, నీళ్లలో వేస్తే మటుకు అయాన్లు, అంటే ఆవేశమున్న ఆ సోడియంలు, క్లోరైడ్లు, విడిపోయి కరెంటు పోనిస్తాయి. పంచదార అట్టా పోనివ్వదు.

ఇనుము దగ్గర జాగ్రత్త. అది ఒకచోట రెండు ఎలక్ట్రాన్లిస్తది, ఇంకోచోట మూడిస్తది, అందుకని అయానికమైనా ఐరన్ టూ క్లోరైడ్, ఐరన్ త్రీ క్లోరైడ్ అని విడదీసి చెప్పాల. ఆ రెండూ మూడూ క్లోరిన్ల లెక్క కాదు, ఇనుము ఆవేశం. పాత పేర్లు ఫెర్రస్, ఫెర్రిక్. రక్తం తక్కువుందని ఇచ్చే ఐరన్ బిళ్లల్లో చాలావాటి మీద ఫెర్రస్ సల్ఫేట్ అని ఉంటది చూడు, అది రెండుది.

ఈ రూల్‌కి లొంగనివీ ఉన్నాయి, దాచిపెట్టను. రొయ్యల గుంటల్లో అడుగున నల్ల బురద కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తదే, ఆ గ్యాస్‌లో హైడ్రోజన్లు రెండు, పంచుకున్న బంధమే, అయినా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే అంటారు, డై పెట్టరు. నీళ్లు, అమ్మోనియా కూడా పాత పేర్లతోనే ఉండిపోయాయి. ఇట్టాంటివి నాలుగైదు గుర్తుపెట్టుకుంటే చాలు.

వానాకాలం రాళ్లుప్పు చెమ్మెక్కి బస్తా తడిసిపోతది కదా, నీకు తెలిసే ఉంటది. అందులో గాలిలో తేమని లాక్కునేది ముఖ్యంగా సముద్రపు నీళ్లతో వచ్చిన మెగ్నీషియం క్లోరైడ్. మెగ్నీషియం కూడా రెండు ఎలక్ట్రాన్లే ఇస్తది, దాంట్లోనూ క్లోరిన్లు రెండే, డై రాయొద్దు.