రెండు గీతలు పక్కపక్కన పెట్టే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన ఉష్ణోగ్రతల గ్రాఫ్ రెండు రోజులుగా చూస్తున్నాను. మధ్య ఇంగ్లండ్‌కి నీలం గీత, మధ్య యూరప్‌లోని ఆల్ప్స్ కొండలకి ఎర్ర గీత గీశావు. ఎర్రది ఎక్కువ ఎగబాకింది. "ఆల్ప్స్ ఎక్కువ వేడెక్కాయి కదా మామయ్యా, ఇక థీసిస్‌లో రాసేయనా?" అని అడిగావు. నువ్వు అన్నది నిజమే. 19వ శతాబ్దం చివరి నుంచి ఆల్ప్స్ ప్రాంతం దాదాపు 2 డిగ్రీలు వేడెక్కింది, మధ్య ఇంగ్లండ్ అంత వేడెక్కలేదు. కానీ ఎంత తేడా, ఎప్పటినుంచి అని ఎవరైనా నిలదీస్తే ఈ గ్రాఫ్ నిన్ను కాపాడదు. టెన్షన్ పడకు, ఇంకా టైముంది.

ముందు ఆ అంకెలు ఎక్కడివో చూడు. మధ్య ఇంగ్లండ్ పట్టిక 1659 నుంచి నెలనెలా ఉంది. థర్మామీటర్ లెక్కల్లో ప్రపంచంలో దానికంటే పాతది లేదు. లాంకషైర్, లండన్, బ్రిస్టల్ మధ్య ఉన్న త్రికోణం దాని పరిధి. వాతావరణ శాస్త్రవేత్త గోర్డన్ మాన్లీ పాత డైరీలు ఏళ్లతరబడి వెతికి, 1953లో కొంత, 1974లో మిగతాది ప్రచురించారు. ఆయన మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. అయినా తొలి ఏళ్ల అంకెలు పూర్తి డిగ్రీకో అర డిగ్రీకో సర్దినవి. కొన్ని థర్మామీటర్లు ఆరుబయట కాదు, మంట వేయని గదుల్లో ఉండేవి. 1707 నుంచి 1722 దాకా ఉన్న ఖాళీలను పూడ్చడానికి నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ కొలతలు వాడారు. చూశావా, ఇంగ్లండ్‌ని మధ్య యూరప్‌తో పోల్చబోతున్నావు, ఆ పదిహేనేళ్లలో ఇంగ్లండ్ అంకెల్లోనే యూరప్ కలిసిపోయి ఉంది. అందుకే 1659 నుంచి మొదలుపెట్టాలన్న ఆశ వదులుకో. ఆల్ప్స్ పట్టిక ఎలాగూ 1760 నుంచే.

ఆ ఆల్ప్స్ పట్టికలోనూ ఒక చిక్కుంది. దీని దగ్గర ఎక్కువసేపు ఆగు, నీ థీసిస్ ప్రాణం ఇక్కడే ఉంది. నేరుగా ఎండ తగలకుండా తెల్ల చెక్కపెట్టెలో థర్మామీటర్ పెట్టే పద్ధతి 1860ల తర్వాతే మెల్లగా వ్యాపించింది. అంతకుముందు ఉత్తరం వైపు గోడకో కిటికీకో తగిలించేవారు. ఎండాకాలంలో అక్కడ సూర్యుడు ఈశాన్యాన ఉదయిస్తాడు, వాయవ్యాన అస్తమిస్తాడు. అంటే పొద్దున, సాయంత్రం ఆ ఉత్తరపు గోడకీ ఎండ తగులుతుంది. థర్మామీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దీన్ని తేల్చడానికి ఆస్ట్రియా వాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టం. క్రెమ్స్‌మ్యున్‌స్టర్ మఠంలో 1760ల నుంచి కొలతలు రాస్తున్నారు. అక్కడ పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ ఏళ్లపాటు పక్కపక్కన నడిపి చూశారు. పాత పద్ధతి ఎండాకాలాన్ని ఉన్నదానికంటే దాదాపు అర డిగ్రీ ఎక్కువ చూపించిందని తేలింది. దాన్ని సరిచేయకపోతే 1800 నాటి ఎండాకాలం నిజంగా ఉన్నదానికంటే వేడిగా ఉండేదనిపిస్తుంది, ఆల్ప్స్ వేడెక్కింది తక్కువని తేలుతుంది. నువ్వు డౌన్‌లోడ్ చేసిన ఫైల్ సరిచేసినదా, పాతదా? ఈ రాత్రే చూడు.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రెండు ఊళ్ల ఉష్ణోగ్రతలు పోల్చాను. ఒక ఊరు గబగబా వేడెక్కుతోందని రిపోర్టు రాశాను, అందరూ మెచ్చుకున్నారు. ఏడాది తర్వాత ఆ ఊరు వెళ్తే, అక్కడి ముసలి అటెండరు తోట చూపించి, "పెట్టె ముందు ఇక్కడుండేదండీ" అన్నాడు. తర్వాత దాన్ని సిమెంటు చేసిన ఆవరణలోకి మార్చారట. పెట్టె మారిన సంగతి రిజిస్టర్‌లో ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నీకు ఆ బాధ వద్దు.

లెక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు పట్టికలనూ 1961–1990 సగటు నుంచి ఎంత తేడా ఉందో ఆ అంకెలుగా మార్చు. కొండల చలినీ ఇంగ్లండ్ మైదానాన్నీ నేరుగా పోల్చడానికి లేదు. తర్వాత రెండు గీతల వాలు, అంటే ఏళ్లు గడిచేకొద్దీ ఎంత ఎక్కుతున్నాయో, విడివిడిగా లెక్కించి పక్కపక్కన పెట్టకు. ప్రతి ఏడాదికీ ఆల్ప్స్ అంకెలోంచి ఇంగ్లండ్ అంకె తీసేయి, మిగిలిన తేడాకి వాలు చూడు. రెండు చోట్లా కలిసి వచ్చిన ఎగుడుదిగుళ్లు చాలావరకు కొట్టుకుపోతాయి, నీ ప్రశ్న మాత్రం మిగులుతుంది. వరుస ఏళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి కాబట్టి, ఆ వాలు ఎంత అటూఇటూ కావచ్చో సాఫ్ట్‌వేర్ చూపే ప్లస్ మైనస్‌ని ఉన్నదున్నట్టు నమ్మకు.

ఎక్కడ మొదలుపెడుతున్నావో జాగ్రత్త. 1963 నుంచి మొదలుపెట్టావనుకో, ఆ చలికాలం మధ్య ఇంగ్లండ్ సగటు సున్నా కంటే కిందికి పోయింది, ఆల్ప్స్ అంచున ఉన్న బోడెన్ సరస్సు మొత్తం గడ్డకట్టింది. అక్కడి నుంచి ఏ గీతైనా పైకే పోతుంది. కాబట్టి మొదటి సంవత్సరాన్ని మార్చి మార్చి, జవాబు నిలబడుతుందో లేదో చూపించు.

చలికాలం, ఎండాకాలం విడదీయి. చలికాలంలో అట్లాంటిక్ పడమటి గాలుల బలమే రెండు చోట్లా పెత్తనం చేస్తుంది. ఎండాకాలంలో కథ వేరు. ఇంగ్లండ్‌కి చుట్టూ సముద్రం ఉంది, సముద్రం నేలంత త్వరగా వేడెక్కదు. ఆల్ప్స్‌లో మంచు తగ్గినకొద్దీ నేల ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది. 1980ల నుంచి మధ్య యూరప్‌లో పొగ, గంధకపు కాలుష్యం తగ్గి నేలకి చేరే ఎండ పెరిగింది. ఏది ఎంత అని నీ రెండు పట్టికలతో తేల్చలేవు, తేల్చినట్టు రాయకు. అలా రాస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

సెలవు దొరికితే వియన్నా నుంచి లింజ్ మీదుగా రైలెక్కి క్రెమ్స్‌మ్యున్‌స్టర్ వెళ్లిరా. ఆ మఠం గోపురం దగ్గర నిలబడి, ఉత్తరం గోడ మీదికి పొద్దున్నే ఎండ ఎలా వస్తుందో ఫొటో తీసి పంపు. తేడా గ్రాఫ్ కూడా పంపు, వాలు గీత గీయకముందే.

మీ మామయ్య