అమ్మడూ, బోర్డు విప్పే ముందు

చిరంజీవి అమ్మడికి,

మీ కంటి క్లినిక్‌లో మూలపడ్డ స్లిట్ ల్యాంప్‌ని, అదే కంటిని పెద్దగా చేసి చూపే లైటున్న మైక్రోస్కోప్‌ని, నువ్వే బాగుచేస్తానని సోల్డరింగ్ ఐరన్ కొన్నావట. మీ నాన్నకి ఒకటే టెన్షన్. ముప్పయ్యేళ్లు పగలు కళ్లు చూసి, సాయంత్రాలు సర్క్యూట్ బోర్డులు విప్పినవాణ్ణి, నేను వద్దని ఎలా అంటాను?

నీకు సగం పని ముందే వచ్చు. కార్నియా మీది నలుసుని 16 రెట్ల మాగ్నిఫికేషన్‌లో చూస్తూ తీసే చేతికి, మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉండే 0402 సైజు రెసిస్టర్ పెద్ద లెక్క కాదు. అలాగని బోర్డుని స్లిట్ ల్యాంప్ ముందే పెట్టకు. నేను పెట్టి చూశాను. గడ్డం ఆనించే చోట బోర్డుని నిలబెట్టి పట్టుకుంటే సోల్డర్ చెయ్యడానికి మూడో చెయ్యి కావాలి! మామూలు స్టీరియో మైక్రోస్కోప్ తెచ్చుకో. ఐపీసుల దూరం నీ పీడీకి, అంటే రెండు కంటిపాపల మధ్య దూరానికి, సరిచేసుకో, రెండు కళ్లకీ ఫోకస్ విడివిడిగా పెట్టుకో. మైక్రోస్కోప్ లేకుండా బోర్డు మీదకి 25 సెంటీమీటర్ల దాకా వంగితే నీ కంటి మీద 4 డయాప్టర్ల ఫోకస్ భారం. పేషెంట్లకి రోజూ చెప్పేదే కదా, మనం మాత్రం పాటించం. కత్తిరించిన రెసిస్టర్, కెపాసిటర్ల తీగ కాళ్లు ఎగిరొచ్చి కంట్లో పడతాయి కాబట్టి సేఫ్టీ గ్లాసెస్ తియ్యకు.

ఇక అసలు పని. పేషెంట్‌ని హిస్టరీ అడగకుండా మందు రాయం కదా, ఇదీ అంతే. లైట్ ఒక్కసారిగా పోయిందా, మినుకుమినుకుమంటూ పోయిందా? ఆర్మ్ కదిపినప్పుడు పోతోందా? స్లిట్ ల్యాంప్‌లో నేను చూసినంతవరకు బోర్డు తప్పు తక్కువ. బల్బ్ హోల్డర్‌లో చిలుము, ఫ్యూజు, లేదా ఆర్మ్‌తో పాటు వేలసార్లు వంగి లోపల తెగిన వైరు. ముందు ఇవి చూడు. ఆ తర్వాతే పవర్ సప్లై బోర్డులో ఉబ్బిన కెపాసిటర్లు, డ్రై సోల్డర్లు (సరిగా అతకని సోల్డర్ అతుకులు). కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకం. ప్లస్, మైనస్ తారుమారు చేశావంటే పేలుతుంది.

సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం లేనిది దాదాపు 217 దగ్గర. కొత్త మెషీన్లలో ఎక్కువగా రెండోదే. కరగట్లేదని వేడి పెంచుకుంటూ పోతే బోర్డు మీద సోల్డర్ అంటుకునే రాగి ప్యాడ్ ఊడొస్తుంది. సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ రాసి, కొంచెం కొత్త సోల్డర్ కలిపితే పాతది దానంతటదే వదులుతుంది.

ప్లగ్ తీసేశాం కదా అని ధీమా వద్దు. 230 వోల్టుల స్విచ్చింగ్ సప్లైలో పెద్ద కెపాసిటర్ 325 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది. మీటరుతో కొలిచి, రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మళ్లీ కొలువు. కంటి లోపలి పొరని ఫోటో తీసే, ఫ్లాష్ ఉన్న ఫండస్ కెమెరా, లేజర్ మెషీన్ల మూత మాత్రం తెరవకు. నేనూ తెరవను.

ఒక పరువు తక్కువ సంగతి చెబుతాను. అద్దాల పవర్ కొలిచే ఒక ఆటోరెఫ్రాక్టోమీటర్ బోర్డు మీద కాయిన్ బ్యాటరీ పాతబడింది కదా అని తీసి కొత్తది వేశాను. రెండు నిమిషాల పని. ఆ బ్యాటరీయే మెమరీలో కాలిబ్రేషన్‌ని, అంటే కొలతలు సరిగా రావడానికి చేసిన సెట్టింగుల్ని, నిలబెడుతోందని నాకు తట్టలేదు. మెషీన్ చక్కగా ఆన్ అయింది, నంబర్లూ ఇచ్చింది. అన్నీ తప్పే. పవర్ ముందే తెలిసిన నమూనా కన్ను, మోడల్ ఐ, పెట్టి చూశాను కాబట్టి బయటపడింది. లేకపోతే ఎంతమంది ఆ నంబర్లతో అద్దాలు చేయించుకునేవాళ్లో! చచ్చిన మెషీన్‌తో ఆ గొడవ లేదు, పక్కన పెట్టేస్తాం. అందుకే కొలిచే మెషీన్ ఏది విప్పినా, తెలిసిన విలువతో పోల్చి చూడకుండా పేషెంట్‌ని దాని ముందు కూర్చోబెట్టకు.

స్లిట్ ల్యాంప్ ఏమీ కొలవదు కాబట్టి నీకు ఆ బెడద లేదు. కాకపోతే పేషెంట్ నుదురూ గడ్డం దానికే ఆనిస్తాడు. ఎర్త్ పిన్ నుంచి మెటల్ బాడీకి రెసిస్టెన్స్, పవర్ తీగతో కలిపి, 0.2 ఓములు దాటకూడదు. మామూలు మల్టీమీటరు అంత చిన్న విలువని నమ్మకంగా చూపించదు. బయోమెడికల్ వాళ్ల సేఫ్టీ టెస్టర్ పెట్టించు, లీకేజ్ కరెంటు కూడా వాళ్లే చూస్తారు.

విప్పే ముందు ప్రతి కనెక్టర్‌కీ ఫోటో తీసుకో. లైట్ వెలిగాక నాకు ఫోన్ చెయ్యి. మీ క్లినిక్‌లో ఆటోరెఫ్ కూడా మొరాయిస్తోందని విన్నాను, దాన్ని మాత్రం నేనొచ్చేదాకా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న