చదివింపులతో తీర్చేద్దామని థాయ్‌లాండ్ పెళ్లికి రూ.15 లక్షల అప్పా?

ప్రశ్న: మాది హైదరాబాద్. నా వయసు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు రూ.1.10 లక్షలు వస్తాయి. కాబోయే భార్య జీతం రూ.75 వేలు. వచ్చే ఫిబ్రవరిలో, అంటే ఇంకో 11 నెలల్లో, థాయ్‌లాండ్‌లోని హువా హిన్‌లో 80 మంది అతిథులతో పెళ్లి చేసుకోవాలని మా ఇద్దరి కోరిక. బడ్జెట్ రూ.32 లక్షలు. నాన్నగారు 6 లక్షలు ఇస్తామన్నారు. నా ఎఫ్‌డీ 6 లక్షలు, ఈక్విటీ ఫండ్లలో 5 లక్షలు ఉన్నాయి. మిగతా 15 లక్షలకు 13 శాతం వడ్డీతో ఐదేళ్ల పర్సనల్ లోన్ మంజూరైంది. చదివింపులు వచ్చాక దాన్ని చాలావరకు తీర్చేయాలని ఆలోచన. అమ్మానాన్నలతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 70 వేలు. ఆఫీసు ఇచ్చిన 5 లక్షల హెల్త్ పాలసీ తప్ప వేరే బీమా లేదు. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. ఆ లోన్ ఇంకా తీసుకోకపోతే తీసుకోకండి.

రాని చదివింపులను ఉన్న డబ్బులా లెక్కేసుకోవడం ఇప్పుడు చాలామంది చేస్తున్న పొరపాటు. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబిస్తున్నాను. 80 మంది అంటే సుమారు 35 కుటుంబాలు. 15 లక్షలు తీరాలంటే ఒక్కో కుటుంబం 43 వేల చొప్పున చదివించాలి. ఇంటిల్లిపాదికీ విమానం టికెట్లు కొనుక్కుని వచ్చిన మేనమామ మళ్లీ కవర్లో ఎంత పెట్టగలడు? పైగా చదివింపుల పుస్తకంలో రాసుకున్న ప్రతి పేరుకూ రేపు వాళ్లింటి శుభకార్యంలో మీరు తిరిగి చదివించాల్సిందే. కానుకలకు పన్ను లేకపోవచ్చు, బాకీ మాత్రం ఉంటుంది.

ఇక అప్పు లెక్క. 15 లక్షలకు ఈఎంఐ దాదాపు రూ.34,130. ఐదేళ్లలో కట్టే వడ్డీ రూ.5.48 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. మధ్యలో తీర్చేస్తే ప్రీ క్లోజర్ చార్జీ కూడా అడగొచ్చు. రెండేళ్లకు ఇల్లు కొనాలనుకుంటే, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు వచ్చే హోమ్ లోన్ అర్హత ఈ ఒక్క ఈఎంఐ వల్ల సుమారు 39 లక్షలు తగ్గుతుంది.

అసలు భయం ఆ ఎఫ్‌డీ గురించి. అది పెళ్లి డబ్బు కాదు, మీ అత్యవసర నిధి. ఇప్పుడు నెల ఖర్చు 70 వేలు కాబట్టి ఆరు నెలలకు 4.2 లక్షలు చాలు, మీ 6 లక్షలు సరిపోయి మిగులుతాయి. లోన్ తీసుకున్న మర్నాటి నుంచి తప్పనిసరి ఖర్చు 1.04 లక్షలవుతుంది, ఆరు నెలలకు కావాల్సింది 6.24 లక్షలు. అంటే నిధి పెరగాల్సిన సమయంలోనే దాన్ని సున్నా చేస్తున్నారు. ఏప్రిల్‌లో ప్రాజెక్టు పోయి బెంచ్ మీదికొచ్చారు (అంటే చేతిలో పని లేదు), ఆపై ఉద్యోగమే పోయిందనుకోండి. ఉద్యోగంలో చివరి రోజుతోనే ఆఫీసు హెల్త్ పాలసీ పోతుంది, ఈఎంఐ తేదీ మాత్రం మారదు. రెండు బౌన్స్‌లు పడ్డాక సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, దాంతో క్రెడిట్ కార్డు మీద పడతారు. కార్డు బాకీ తిప్పితే నెలకు 3 శాతం పైనే వడ్డీ. అక్కణ్నుంచి బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఆ 6 లక్షల్ని ముట్టుకోవద్దు. జీతం ఖాతా లేని వేరే బ్యాంకులో, ఒకే రసీదుగా కాకుండా లక్ష చొప్పున ఆరు ఎఫ్‌డీలుగా పెట్టండి. అవసరమైతే ఒక్కటే తీసుకోవచ్చు, మిగతావాటి వడ్డీ తగ్గదు.

మీ 32 లక్షలు కూడా 32 దగ్గర ఆగవు. థాయ్ హోటళ్ల కొటేషన్‌లో ధర పక్కన '++' అని ఉందేమో చూడండి. 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 7 శాతం వ్యాట్ అదనమని దానర్థం. మొత్తం 17.7 శాతం. 15 లక్షల కొటేషన్‌కు బిల్లు రూ.17.65 లక్షలొస్తుంది. కార్డు గీకితే ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే అదనపు చార్జీ) సాధారణంగా 3.5 శాతం, దానిపై జీఎస్టీ కలిపి 4.13 శాతం. 5 లక్షలకు రూ.20,650 ఉత్తినే పోతాయి. హోటల్‌కు బ్యాంకు ద్వారానే పంపండి. బయటి డెకరేటర్‌ను తెచ్చుకుంటే ఫీజుందా, సొంత మద్యం తెచ్చుకుంటే హోటల్ వేసే కార్కేజీ ఫీజు ఎంత, హోమానికి ఎక్కడ అనుమతిస్తారు, బుక్ చేసిన గదులు నిండకపోతే ఎంత కట్టాలి, ఇవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే ఒప్పందంలో రాయించుకోవాలి. ఇంకో సంగతి, 80 మందినే పిలిస్తే మిగతా బంధువులు ఊరుకుంటారా? ఇక్కడ రిసెప్షన్ పెట్టక తప్పదు. ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు.

టీసీఎస్‌ను, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్నును కూడా మీరు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. ఒక్కరి పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి విదేశాలకు పంపితే, దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం పట్టుకుంటుంది. 20 లక్షలు మీరొక్కరే పంపితే 2 లక్షలు ఇరుక్కుంటాయి. రిటర్నులో తిరిగొస్తాయి, లేదా జీతం టీడీఎస్‌లో సర్దమని ఆఫీసును అడగొచ్చు. కానీ పెళ్లి నాటికి చేతిలో ఉండవు. మీరు, ఆ అమ్మాయి, నాన్నగారు ఎవరి డబ్బు వాళ్ల ఖాతా నుంచే పంపితే ఈ గొడవే లేదు. ట్రావెల్ ఏజెంటు టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే లెక్క వేరు, ముందే అడగండి.

పెళ్లి చట్టబద్ధం కావడానికి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద ఇక్కడే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకుని వెళ్లడం సులువు. నోటీసుకు 30 రోజులు, ముగ్గురు సాక్షులు కావాలి. థాయ్ ముహూర్తం ఫిబ్రవరిలో అయితే డిసెంబరులోనే నోటీసివ్వండి. సర్టిఫికెట్ చేతికి రాగానే హెచ్ఆర్‌కు పంపండి. చాలా కంపెనీల్లో భార్య పేరును గ్రూప్ పాలసీలో చేర్చడానికి నెల రోజులే గడువు, దాటితే రెన్యువల్ దాకా ఆగాలి. మీ సొంత హెల్త్ పాలసీ, టర్మ్ పాలసీ (జీవిత బీమా) మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. హెల్త్‌లో ముందున్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు ఇంకా తొందర. ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు అమ్మానాన్నలకున్న బీపీ, షుగర్ దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

మరి పెళ్లెలా? నాన్నగారి 6 లక్షలు, ఫండ్లలోని 5 లక్షలు, మీరు 35 వేలు, ఆమె 25 వేలు నెలనెలా దాస్తే 11 నెలల్లో 6.6 లక్షలు. మొత్తం 17.6 లక్షలు. ఇందులో ఒకటిన్నర లక్షలు అనుకోని ఖర్చుకు పక్కన పెట్టి, మిగిలిన 16 లక్షల్లో 35-40 మందితో రెండు రోజుల పెళ్లి, ఇక్కడ చిన్న రిసెప్షన్ సరిపెట్టుకోండి. ఏడాదిలో కావాల్సిన డబ్బు ఈక్విటీలో ఉండకూడదు. ఫండ్లు మార్చి 31లోపు కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మితే ఏటా 1.25 లక్షల దీర్ఘకాలిక లాభంపై పన్ను మినహాయింపు రెండుసార్లు దొరుకుతుంది.

మిగతా దార్ల గురించి ఒక్కో మాట. 5 లక్షల చిట్టీని లక్ష తగ్గించి పాడుకుంటే చేతికొచ్చేది 4 లక్షలే, వాయిదాలు చివరిదాకా కట్టాలి, జామీనుదారులూ కావాలి. పీఎఫ్ తీయడం వద్దు. అమ్మ బంగారం తాకట్టు పర్సనల్ లోన్ కంటే చౌకే, కానీ పెళ్లి వేడుకకు ఆ నగల్ని బ్యాంకులో పెట్టడం నేను ఒప్పుకోను.

ఆ నగలే హువా హిన్‌కు తీసుకెళ్తే, బయల్దేరే రోజున విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటర్‌కు వెళ్లి, వాటిని చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అవి మన నగలేనని రుజువు చేసుకోలేక సుంకం కట్టాల్సి రావచ్చు. ట్రావెల్ పాలసీలు సాధారణంగా నగలకు వర్తించవు కాబట్టి ముహూర్తానికి కావాల్సినవే తీసుకెళ్లండి. రాగానే ఈపీఎఫ్ నామినేషన్ కొత్తగా ఇవ్వండి, పెళ్లికి ముందు ఇచ్చినదాన్ని నమ్ముకోవద్దు.