అకౌంట్స్‌లోనే ఉండాలా, లైన్ మారాలా?

"అకౌంట్స్‌లో చేరి రెండేళ్లయింది. బిల్లుల ఎంట్రీ అంతా ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. వేరే లైన్‌కి మారిపోనా?" అని అడిగారు. మీ టెన్షన్ నాకు తెలుసు. కొన్నేళ్ల క్రితం నేనూ ఇదే భయంతో నిద్ర లేకుండా గడిపాను.

నేను చేరినప్పుడు అన్నీ చేత్తో రాసే లెడ్జర్లే. నెలాఖరులో ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమో కాదో చూసే పట్టిక) కలవకపోతే రాత్రి దాకా కూర్చుని వెతికేవాళ్లం. మా సీనియర్ ముందు తేడా ఎంతో అడిగేవారు. 270 అంటే వెంటనే 9తో భాగించేవారు. శేషం లేకుండా పోయిందంటే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు, 850 బదులు 580 రాసినట్టు. అలా దొరక్కపోతే తేడాలో సగం మొత్తం ఎక్కడుందో చూడమనేవారు. డెబిట్‌లో వేయాల్సింది క్రెడిట్‌లో వేస్తే తేడా రెట్టింపు కనిపిస్తుంది కదా. ఏ ఖాతా ఎందుకు ఉందో నాకు తెలిసింది ఆ వెతుకులాటలోనే.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆరుగురం ఉన్న సెక్షన్‌లో ముగ్గురం మిగిలాం. వెళ్లిపోయినవాళ్లలో ఒకాయన కూడికల్లో మా అందరికంటే వేగం. ఎవరైనా కూర్చోబెట్టి నేర్పి ఉంటే తప్పకుండా నేర్చుకునేవారు, కానీ యాజమాన్యం ఆ ఆలోచనే చేయలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పాత లెక్కలు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక సప్లయర్‌కి ఇచ్చిన అడ్వాన్స్ ఖర్చు కింద పడింది. ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం పైసాతో సహా కలిసింది. రెండూ డెబిట్ ఖాతాలే కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి తప్పేమీ కనిపించలేదు. అసలు బిల్లు వచ్చాక అదే ఖర్చు రెండోసారి పడేది. అది పట్టుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది.

బ్యాంకుల సంగతి చూడండి. 1967లో లండన్‌లో ఏటీఎం మొదలైంది. అవి ఊరూరా వచ్చాక కూడా అమెరికాలో క్యాష్ కౌంటర్ ఉద్యోగాలు చాలా ఏళ్లు తగ్గలేదు. బ్రాంచి నడిపే ఖర్చు తగ్గడంతో బ్యాంకులు మరిన్ని బ్రాంచీలు తెరిచాయి. కౌంటర్‌లో ఉన్నవాళ్ల పని మాత్రం నోట్లు లెక్కపెట్టడం నుంచి కస్టమర్లతో మాట్లాడటం వైపు మళ్లింది. ఫోన్‌లోనే బ్యాంకింగ్ వచ్చాక ఆ ఉద్యోగాలూ తగ్గుతూ వచ్చాయి. అందుకే ఏమీ కాదని మీకు చెప్పలేను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీలాంటి కొత్తవాళ్ల విషయం. మేం నేర్చుకున్న ఆ వెతుకులాటే మీకు దొరకడం లేదు. దాన్ని మీరే కల్పించుకోవాలి. రోజూ సాఫ్ట్‌వేర్ వేసిన ఎంట్రీల్లో ఓ ఐదు తీసుకోండి. స్క్రీన్ చూడకుండా, బిల్లు మాత్రమే ముందు పెట్టుకుని డెబిట్, క్రెడిట్ కాగితం మీద రాయండి. తర్వాత పోల్చి చూడండి. తేడా వస్తే ఎవరిది తప్పో తేలేదాకా వదలకండి. కొన్నిసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌దే అవుతుంది.

ఇప్పుడే లైన్ మారొద్దు. ముందు బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే మన లెక్కల్ని బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిపోల్చే పని, మీకు అప్పగించమని మేనేజర్‌ని అడగండి. ఆడిటర్లు వచ్చినప్పుడు వాళ్లకు జవాబులిచ్చే పని కూడా అడిగి తీసుకోండి. ఏడాది తిరిగినా ఎంట్రీలకే పరిమితం చేస్తే, అప్పుడు ఆ సంస్థ మారండి.